శరణు కోరేవారి మాటే వారి సాక్ష్యం

సంపాదకులకు,

నమస్కారం. ఎల్జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) వ్యక్తులు విదేశాల్లో శరణు కోరడం గురించి ఈమధ్య పత్రికల్లోనూ టీవీ చర్చల్లోనూ తరచూ ప్రస్తావన వస్తోంది. చాలామట్టుకు ఒకటే ధోరణి: ‘నేను గే’ అని ఒక్క మాట అంటే చాలు, పాశ్చాత్య దేశాలు తలుపులు బార్లా తెరిచేస్తాయట. ఇది నిజం కాదు. పైగా ఈ మాట నమ్మి, ఏ సన్నద్ధతా లేకుండా అధికారి ఎదుట కూర్చున్న నిజమైన బాధితులు ఓడిపోతున్నారు. మేం శరణు దరఖాస్తులు నింపడంలో, వాంగ్మూలాలు అనువదించడంలో పనిచేసేవాళ్లం. ఈ ప్రక్రియ ఎలా నడుస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో వివరంగా రాస్తున్నాం. అవసరమున్న నలుగురి కంటపడినా చాలు.

ముందు చట్టం సంగతి. ప్రపంచంలో శరణు వ్యవస్థకంతా పునాది 1951 నాటి శరణార్థుల ఒప్పందం, దానికి 1967లో జతపడిన ప్రోటోకాల్. జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం, ‘ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెంది ఉండడం’ అనే ఐదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల తన దేశంలో హింస తప్పదన్న సహేతుకమైన భయం ఉండి, ఆ దేశం బయట ఉన్న వ్యక్తే శరణార్థి. ఇందులో లైంగికత ప్రస్తావన ఎక్కడా లేదు. ఐదో కారణంలోకి దాన్ని చేర్చింది కోర్టులే. అమెరికాలో ఒక క్యూబా జాతీయుడి కేసులో 1990లో వచ్చిన తీర్పును 1994లో అక్కడి అటార్నీ జనరల్ అన్ని కేసులకూ వర్తించేలా ప్రకటించారు. కెనడా సుప్రీంకోర్టు 1993లో, యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2013లో అదే దారి పట్టాయి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ 2012 అక్టోబరులో ఈ కేసుల కోసమే తన తొమ్మిదో మార్గదర్శకాలను విడుదల చేసింది. లాయరు దొరకని వాళ్లు ముందుగా చదవాల్సింది అవే.

స్వలింగ సంబంధాలను నేరంగా చూసే దేశాలు నేటికీ అరవైకి పైగా ఉన్నాయి. ఉగాండా 2023లో తెచ్చిన చట్టం కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా వెళ్లింది. ఇరాక్ 2024లో 10 నుంచి 15 ఏళ్ల జైలు పెట్టింది. రష్యా సుప్రీంకోర్టు 2023 నవంబరులో ‘అంతర్జాతీయ ఎల్జీబీటీ ఉద్యమం’ మొత్తాన్నీ తీవ్రవాదం కింద జమకట్టింది. అయితే చట్టపుస్తకంలో శిక్ష ఉన్నంతమాత్రాన శరణు రాదు. ఆ శిక్ష నిజంగా అమలవుతోందా అని యూరప్ చూస్తుంది. చట్టం లేకపోయినా కుటుంబమో, గుంపో, పోలీసులో హింసిస్తుంటే, ప్రభుత్వం కాపాడలేకపోతే లేదా కాపాడకపోతే, శరణు రావచ్చు. అందుకే ‘మా దేశంలో ఇది నేరం’ అన్న ఒక్క వాక్యంతో దరఖాస్తు ముగించకూడదు. నేరం కాని దేశం నుంచి వచ్చినవారు ఆశ వదులుకోనక్కర్లేదు కూడా.

రాయబార కార్యాలయానికి వెళ్లి శరణు వీసా అడగాలనుకోవడం చాలామందిలో కనిపించే పొరపాటు. సాధారణంగా అలాంటి వీసా ఉండదు. ఆ దేశపు నేల మీదో, సరిహద్దులోనో, విమానాశ్రయంలోనో ఉండి అడగాలి. విద్యార్థి వీసా మీదో సందర్శకుల వీసా మీదో వచ్చి, లోపల ఉండి అడిగేవారు చాలామంది. సరైన కాగితాలు లేకుండా వచ్చినా, ప్రమాదమున్న చోటు నుంచి నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందు హాజరైతే శిక్షించరాదని ఒప్పందంలోని 31వ అధికరణం చెబుతోంది. విమానంలోనే పాస్‌పోర్టు చించేయమని ఏజెంట్లు సలహా ఇస్తుంటారు. ఆ పని మాత్రం చేయకండి. బ్రిటన్‌లో 2004 చట్టం ప్రకారం, సరైన కారణం చూపకుండా పాస్‌పోర్టు నాశనం చేయడం దరఖాస్తుదారు విశ్వసనీయతను దెబ్బతీసే ప్రవర్తన. కేసు మొదలు కాకముందే మైనస్ మార్కు పడ్డట్టు.

అమెరికాలో గడువే పెద్ద ఉచ్చు. ఆ దేశంలో చివరిసారి అడుగుపెట్టిన రోజు నుంచి ఏడాదిలోగా శరణు దరఖాస్తు అయిన ఐ-589 ఫారం దాఖలు చేయాలి. ఈ నిబంధన 1996 చట్టంతో వచ్చింది. దీని దెబ్బ ఎక్కువగా తగిలేది ఎల్జీబీటీ వారికే. ఇన్నేళ్లూ ప్రాణం కోసం దాచుకున్న సంగతిని దిగిన వెంటనే ఒక అధికారికి చెప్పే ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ కారణంతో శరణు అడగొచ్చన్న సంగతే చాలామందికి రెండో ఏడాది గడిచాక తెలుస్తుంది. ‘నాకు తెలియదు’ అన్నది మినహాయింపు కాదు. మినహాయింపులు రెండు రకాలు. ఒకటి, పరిస్థితులు మారడం: స్వదేశంలో కొత్త చట్టం రావడం, ఇంట్లోవాళ్లకు విషయం బయటపడడం, లింగ మార్పు చికిత్స మొదలవడం లాంటివి. రెండోది, అసాధారణ పరిస్థితులు: తీవ్రమైన మానసిక లేదా శారీరక అనారోగ్యం, విద్యార్థి వీసా వంటి చట్టబద్ధమైన హోదాలో ఉండడం. ఆ హోదా పోయాక సమంజసమైన కాలంలో దరఖాస్తు చేయాలి, ఏళ్లు గడిపితే కుదరదు. గడువు పూర్తిగా తప్పినవారికి డిపోర్టేషన్ (స్వదేశానికి తిప్పి పంపడం) నిలిపివేతను కోరే దారి ఉంటుంది. కానీ అక్కడ రుజువు బరువు పెరుగుతుంది. హింస జరిగే అవకాశం యాభై శాతం పైనే అని చూపాలి. గెలిచినా గ్రీన్‌కార్డు రాదు, కుటుంబాన్ని తెచ్చుకోవడం కుదరదు. 2025 జూలైలో వచ్చిన చట్టంతో దరఖాస్తుకు కనీసం 100 డాలర్ల ఫీజు, కేసు పెండింగులో ఉన్నంతకాలం ఏటా కనీసం మరో 100 డాలర్లు కట్టాల్సి వస్తోంది. నియమాలు నెలనెలా మారుతున్నాయి కాబట్టి ఫారం పంపే ముందు రోజు కూడా ప్రభుత్వ వెబ్‌సైట్ చూసుకోవాలి.

యూరప్‌లో చిక్కు వేరు. ఏ దేశంలో మొదట వేలిముద్రలు పడ్డాయో, ఏ దేశం వీసా ఇచ్చిందో ఆ దేశమే చాలామట్టుకు కేసుకు బాధ్యత వహించాలి. వేలిముద్రలు యూరోడాక్ అనే ఉమ్మడి డేటాబేస్‌లో ఉంటాయి. ఇటలీ వీసాతో దిగి జర్మనీలో శరణు అడిగితే తిరిగి ఇటలీకే పంపొచ్చు. వెనక్కి పంపే దేశంలో ఎల్జీబీటీ వారికి ప్రత్యేకంగా ఏం ప్రమాదముందో, అప్పుడే లిఖితపూర్వకంగా చెప్పుకోవాలి. అమెరికా, కెనడాల మధ్య కూడా ఇలాంటి ఒప్పందమే ఉంది. 2023 మార్చి 25 నుంచి అది భూసరిహద్దు మొత్తానికీ వర్తిస్తోంది. దాటి వెళ్లిన 14 రోజుల్లోగా శరణు అడిగితే, మినహాయింపు లేనివారిని తిప్పి పంపుతారు.

ఇక అసలు విషయం. రాజకీయ కారణాలతో పారిపోయిన వ్యక్తి దగ్గర పార్టీ కార్డో, అరెస్టు వారెంటో ఉండొచ్చు. తన లైంగికతకు సర్టిఫికెట్ ఎవరిస్తారు? దాచుకోవడమే బతుకైన చోట ఫొటోలు, ఉత్తరాలు, మెసేజ్‌లు ఎప్పటికప్పుడు చెరిపేస్తారు. కాబట్టి నూటికి తొంభై పాళ్లు కేసు దరఖాస్తుదారు నోటిమాట మీదే నిలబడుతుంది. బ్రిటన్‌లో 2022 జూన్ 28 తర్వాత పెట్టిన దరఖాస్తులకు ఇంకా కఠినమైన పద్ధతి వచ్చింది. తాను గే అనీ, లెస్బియన్ అనీ, ట్రాన్స్‌జెండర్ అనీ దరఖాస్తుదారు చెప్పే మాట నిజమయ్యే అవకాశమే ఎక్కువ అని మొదట తేలాలి. ఆ తర్వాతే, తిరిగి వెళితే ప్రమాదముందా అన్నది కొంచెం తేలిక కొలమానంతో చూస్తారు. మొదటి మెట్టు మీదే జారిపోతే రెండోది లెక్కలోకే రాదు.

ఈ కేసుల్లో అన్నిటికన్నా కీలకమైన ప్రశ్న, ఎవరూ సిద్ధపడని ప్రశ్న: ‘అక్కడ మీరు ఎందుకు దాక్కుని బతికారు?’ ఒకప్పుడు అధికారులు ‘గుట్టుగా ఉంటే ఏమీ కాదు, వెళ్లి గుట్టుగా బతకండి’ అని తిరస్కరించేవారు. ఇద్దరు బంగ్లాదేశ్ పురుషుల కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు 2003లో ఈ వాదనను కొట్టేసింది. ఇరాన్, కామెరూన్‌లకు చెందిన ఇద్దరి కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2010 జూలై 7న దాన్ని ఇంకా వివరంగా తేల్చింది. తిరిగి వెళ్లాక ఆ వ్యక్తి బహిరంగంగా బతికితే హింస తప్పదా? తప్పదంటే, బహిరంగంగా బతికేవాడికి శరణు ఇవ్వాల్సిందే. దాచుకుని బతుకుతానంటే, ఎందుకని అడగాలి. హింస భయం ఒక ముఖ్య కారణమైతే అతనూ శరణార్థే. కేవలం అమ్మానాన్న బాధపడతారనో, నలుగురిలో ఇబ్బందనో దాచుకుంటే మాత్రం శరణు రాదు.

దీని ఆచరణాత్మక ఫలితం చూడండి. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రాగానే చాలామంది మర్యాదగా ‘అమ్మ తట్టుకోలేదని’ అంటారు. అది నిజమే. కానీ అది సగం నిజం. అన్నయ్య కొట్టి గదిలో పెట్టి తాళం వేశాడనీ, పక్కవీధి కుర్రాడిని పోలీసులు ఎత్తుకెళ్లాక తాను మెసేజ్‌లన్నీ తుడిచేశాననీ చెప్పరు. మొదటి సగమే రికార్డుకెక్కితే కేసు పోయినట్టే. రెండు కారణాలూ ఉంటే రెండూ చెప్పాలి, భయం సంగతి సంఘటనలతో సహా చెప్పాలి. ఇది లేనిది కల్పించమని చెప్పడం కాదు. ఉన్నదాన్ని సిగ్గుతో మింగేయవద్దని చెప్పడం. వేరే ఊరికి వెళ్లి బతకొచ్చు కదా అన్న ప్రశ్నకూ ఇదే వర్తిస్తుంది. కొత్త ఊళ్లో కూడా దాక్కుంటేనే బతకగలిగితే దాన్ని సురక్షితమైన చోటు అనరాదు.

ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్న విషయంలో బ్రిటిష్ బారిస్టర్ ఎస్. చెల్వన్ 2011లో రూపొందించిన పద్ధతి చాలామంది లాయర్లు వాడతారు. తాను ఇతరులకన్నా భిన్నమని ఎప్పుడు, ఎలా తెలిసింది. చుట్టూ ఉన్నవారు అలాంటివారి గురించి ఏమనేవారు. దానివల్ల లోపల ఎలాంటి సిగ్గు, అపరాధభావం కలిగాయి. ఎలాంటి హాని జరిగింది లేదా జరుగుతుందన్న భయం ఉంది. ఈ నాలుగింటి చుట్టూ జీవితాన్ని గుర్తుచేసుకుంటే శారీరక సంబంధాల ప్రస్తావన లేకుండానే మనిషి కనిపిస్తాడు. మాకు దీనిమీద ఒక అభ్యంతరం ఉంది. అందరికీ సిగ్గు కలగదు. ‘నాలో తప్పేమీ లేదని మొదటినుంచీ నాకు తెలుసు’ అన్న అమ్మాయిని నమ్మని అధికారులుంటారు. అలాంటివారు లేని అంతర్మథనం కల్పించకుండా, తమకు ఎందుకు సిగ్గనిపించలేదో చెబితే సరిపోతుంది.

ఇంటర్వ్యూకు ముందు ఒక కాగితం మీద కాలక్రమం రాసుకోవడం తప్పనిసరి. చదువు, ఇళ్లు మారడం, ఉద్యోగాలు, సంబంధాలు, దాడులు, ప్రయాణాలు, అన్నీ ఒకే వరుసలో ఉండాలి. కచ్చితమైన తేదీ గుర్తులేకపోతే ‘గుర్తులేదు, వానాకాలం, పరీక్షల తర్వాత’ అని రాయడం మేలు. ఊహించి రాసిన తేదీయే తర్వాత మెడకు చుట్టుకుంటుంది. వేరే క్యాలెండర్ వాడే దేశాల వారికి ఇది మరీ ప్రమాదం. ఇరాన్ సంవత్సరానికి 621 కలిపితే మన సంవత్సరం వస్తుందని అందరూ అలవాటుగా లెక్కేస్తారు. కానీ వాళ్ల ఏడాది మార్చిలో మొదలవుతుంది కాబట్టి, చివరి నెలలకు 622 కలపాలి. 1398 బహ్మన్ (వాళ్ల పదకొండో నెల)లో అరెస్టయ్యానని ఒకరు చెబితే, ఇంటర్‌ప్రెటర్ 621 కలిపి 2019 అంటాడు. ఆస్పత్రి కాగితం అనువాదంలో 2020 ఫిబ్రవరి అని ఉంటుంది. తిరస్కరణ ఉత్తరంలో ‘అరెస్టు జరిగిన సంవత్సరం విషయంలో దరఖాస్తుదారు పొంతన లేకుండా మాట్లాడారు’ అని రాస్తారు. ఇథియోపియా క్యాలెండర్‌లో పదమూడు నెలలు, మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక. అందుకే స్వదేశపు తేదీని అలాగే చెప్పి, మార్చిన తేదీని పక్కన రాయమనాలి.

ఇంటర్‌ప్రెటర్ విషయంలో మొహమాటం పనికిరాదు. సొంత దేశం వాడే, సొంత వర్గం వాడే ఎదురుగా కూర్చుంటే నోరు పెగలదు. ఊరికి వార్త చేరుతుందన్న భయం ఉంటుంది. ఆ సంగతి అధికారికి ముందే రాసి వేరే ఇంటర్‌ప్రెటర్‌ను అడగొచ్చు. అధికారి, ఇంటర్‌ప్రెటర్ ఆడవాళ్లు కావాలా, మగవాళ్లు కావాలా అన్నది కూడా అడగొచ్చు. అమెరికా శరణు కార్యాలయంలో మాత్రం, ఇంగ్లిషు రానివారు ఇంటర్‌ప్రెటర్‌ను తామే తెచ్చుకోవాలి. వచ్చే వ్యక్తికి 18 ఏళ్లు నిండాలి. దరఖాస్తుదారు లాయరుగానీ, సాక్షిగానీ, స్వదేశ ప్రభుత్వ ఉద్యోగిగానీ కాకూడదు. ఇమిగ్రేషన్ కోర్టులో అయితే కోర్టే ఏర్పాటు చేస్తుంది.

జర్మనీలో ఇంటర్వ్యూ చివర రికార్డు మొత్తాన్ని తిరిగి అనువదించి వినిపించి సంతకం పెట్టించుకుంటారు. గంటల తరబడి అన్నీ తవ్వి చెప్పుకున్నాక, తల వాలిపోతున్న వేళ, మనిషి ‘సరే సరే’ అంటూ తలూపుతాడు. ‘మామ కొట్టాడు’ అన్నది ‘నాన్న కొట్టాడు’ అయి ఉంటుంది, ‘రెండుసార్లు’ అన్నది ‘రెండేళ్లు’ అయి ఉంటుంది. సంతకం పడ్డాక వాటిని సరిదిద్దడం చాలా కష్టం. నీళ్లడగండి, విరామం అడగండి, ఒక్కో వాక్యం దగ్గర ఆపండి. తప్పు కనిపిస్తే సంతకానికి ముందే రాయించండి. ఏ దేశంలోనైనా రికార్డు నకలు అడిగి తీసుకుని, పొరపాట్లను కొద్ది రోజుల్లోనే లిఖితపూర్వకంగా పంపాలి.

అడగకూడని ప్రశ్నలూ ఉన్నాయి. 2014 డిసెంబరు 2న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రకారం పడకగది వివరాలు అడగరాదు, శారీరక పరీక్షలు చేయరాదు. దరఖాస్తుదారు స్వయంగా ఇచ్చినా సన్నిహిత దృశ్యాల వీడియోలు తీసుకోరాదు. మొదటి అవకాశంలోనే చెప్పలేదన్న ఒక్క కారణంతో అబద్ధమనుకోరాదు. 2018 జనవరి 25న అదే కోర్టు, లైంగికతను నిర్ధారించడానికి మనస్తత్వ పరీక్షలు వాడడాన్ని కూడా తప్పుపట్టింది. అయినా అలాంటి ప్రశ్న వస్తే కోపగించుకోకుండా ‘దీనికి జవాబు చెప్పను, నా అభ్యంతరం నమోదు చేయండి’ అంటే చాలు. పెళ్లయింది, పిల్లలున్నారు, గుడికో మసీదుకో చర్చికో వెళతారు, గే క్లబ్బు ముఖం చూడలేదు అన్నవి ఎవరి లైంగికతనూ కొట్టిపారేసే కారణాలు కావు. ‘ఆడవాళ్లూ ఇష్టమే కదా, ఆడవాళ్లతోనే ఉండండి’ అని బైసెక్సువల్ వ్యక్తిని తిరస్కరించడం కూడా చెల్లదు.

ఆధారాలు తక్కువన్నాం గానీ, అసలు ఉండవని కాదు. ప్రస్తుత లేదా పాత భాగస్వామి వాంగ్మూలం, విషయం తెలిసిన స్నేహితుల ఉత్తరాలు, శరణు అడిగిన దేశంలోని ఎల్జీబీటీ బృందంలో ఎప్పటినుంచి పాల్గొంటున్నారో చెప్పే లేఖ, బెదిరింపు మెసేజ్‌లు, ఎఫ్‌ఐఆర్ లాంటి పోలీసు కాగితాలు ఉంటే అవి. ఉత్తరాల కింద రాసినవారి గుర్తింపు కార్డు నకలు ఉండాలి. ఒకే మూసలో రాసిన పది ఉత్తరాల కన్నా తమకు ఎలా తెలిసిందో చెప్పే ఒక్క ఉత్తరం విలువైంది. చాట్‌ను స్క్రీన్‌షాట్లుగా ముక్కలు చేయకుండా తేదీలు, నంబర్లతో మొత్తంగా ఎక్స్‌పోర్ట్ చేయాలి. అయితే వాటిని ఫోన్‌లో పెట్టుకుని స్వదేశం విమానాశ్రయం దాటకూడదు. డేటింగ్ యాప్‌ల ద్వారా వలపన్ని పట్టుకోవడం ఈజిప్టు వంటి చోట్ల పోలీసులకు అలవాటే. సురక్షితమైన ఆన్‌లైన్ ఖాతాలోకి ఎక్కించి, యాప్‌లతో సహా ఫోన్ ఖాళీ చేయాలి. హింస జరిగితే మచ్చలను, మానసిక గాయాలను ఇస్తాంబుల్ ప్రోటోకాల్ (చిత్రహింసల ఆనవాళ్లను నమోదు చేసే ఐక్యరాజ్యసమితి పద్ధతి) తెలిసిన వైద్యుడితో నమోదు చేయించాలి. జ్ఞాపకంలో ఖాళీలు ఎందుకున్నాయో ఆ నివేదికే వివరించగలదు. దేశ పరిస్థితికి ఎల్జీబీటీ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇల్గా వరల్డ్ డేటాబేస్, హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదికలు, బ్రిటన్ హోం ఆఫీస్ దేశ సమాచార పత్రాలు పనికొస్తాయి. వందల పేజీలు జతచేయకుండా తన ఊరికి, తన వర్గానికి సంబంధించిన పేరాలకు గుర్తు పెట్టి ఇవ్వాలి.

లెస్బియన్ల కేసులు విడిగా ప్రస్తావించాలి. వారిమీద హింస ఎక్కువగా ఇంట్లోనే జరుగుతుంది: బలవంతపు పెళ్లి, నిర్బంధం, ‘బాగుచేస్తాం’ అంటూ అత్యాచారం. పోలీసు కేసు ఉండదు, పత్రికలో వార్త ఉండదు, దేశ నివేదికల్లో మగవారి అరెస్టులే కనిపిస్తాయి. దాంతో అధికారి ‘మీ దేశంలో ఆడవాళ్లను అరెస్టు చేసిన ఆధారాలు లేవు’ అంటారు. అడగాల్సింది అరెస్టుల లెక్క కాదు, ఆమె పోలీస్ స్టేషన్‌కు వెళితే ఏం జరుగుతుందన్నది. ఫిర్యాదు చేయకపోతే ఎందుకు చేయలేదో, చేసినవారికి ఏమైందో రాయాలి. ఒంటరి స్త్రీ ఆ దేశంలో వేరే ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకోగలదా, ఉద్యోగం చేసుకోగలదా అన్నదీ కేసులో భాగమే.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు పాస్‌పోర్టులో పేరు, ఫొటో, లింగం వేరు, ఎదుట నిలబడ్డ మనిషి వేరు. అన్ని ఫారాల్లోనూ పాత పేరు, ఇప్పటి పేరు రెండూ ఒకే వరుసలో రాయాలి. లేకపోతే ఇద్దరు మనుషులుగా నమోదవుతారు. హార్మోన్ల మందు చీటీలు, చికిత్స కాగితాలు వెంట ఉంచుకోవాలి. మందు ఉన్నట్టుండి ఆగిపోకుండా మొదటి వైద్య పరీక్షలోనే చెప్పాలి. నిర్బంధ కేంద్రమో శిబిరమో అయితే ఎవరితో గది ఇస్తున్నారన్నది ప్రాణం మీదికి తెచ్చే విషయం. తాము తప్పించుకొచ్చిన మనుషుల్లాంటివారే పక్క మంచం మీద ఉంటారు. విడి గది కోసం రాతపూర్వకంగా అడగాలి. బెర్లిన్, న్యూరెంబర్గ్‌లలో 2016లోనే ఎల్జీబీటీ శరణార్థులకు ప్రత్యేక వసతి గృహాలు తెరిచారు. అడిగితేనే అలాంటివి ఉన్నాయని తెలుస్తుంది.

సంపన్న దేశం దాకా చేరలేనివారు పొరుగు దేశంలో ఆగిపోతారు. అక్కడ యూఎన్‌హెచ్‌సీఆర్ దగ్గరో ప్రభుత్వం దగ్గరో నమోదై, మూడో దేశంలో పునరావాసం కోసం ఎదురుచూస్తారు. ఏ దేశానికి పంపాలన్నది వారి చేతుల్లో ఉండదు. ప్రపంచ శరణార్థుల్లో ఏటా ఒక్క శాతం కన్నా తక్కువ మందికే ఆ అవకాశం వస్తుంది. టర్కీలో 2018 సెప్టెంబరు నుంచి శరణార్థి హోదా నిర్ణయం యూఎన్‌హెచ్‌సీఆర్ నుంచి ప్రభుత్వం చేతికి వెళ్లింది. కెన్యాలోని కకుమా శిబిరంలో ఎల్జీబీటీ శరణార్థుల మీద దాడులు జరిగాయి. 2025 జనవరిలో అమెరికా పునరావాస కార్యక్రమాన్నే నిలిపేసింది. కెనడా ప్రభుత్వం 2023 నుంచి టొరంటోలోని రెయిన్‌బో రైల్‌రోడ్ సంస్థతో కలిసి కొందరిని తీసుకుంటోంది. అడిగే ప్రతి ఒక్కరినీ ఆ సంస్థ తీసుకురాలేదన్నది ముందే తెలుసుకోవాలి.

ఈ నిస్సహాయత మీదే బ్రోకర్లు బతుకుతున్నారు. వారు అమ్మే కథలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి: స్కూల్లో స్నేహితుడు, పట్టుకున్న తండ్రి, తప్పించుకున్న రాత్రి. అధికారులు ఆ కథను ఎన్నోసార్లు విని ఉంటారు. నిజంగా బాధలు పడ్డ మనిషి కూడా ఆ కథ చెబితే తన నిజ జీవితాన్ని తానే రికార్డు నుంచి తుడిచేసుకున్నట్టు. అమెరికాలో తెలిసీ కల్పిత దరఖాస్తు వేశారని తేలితే ఇమిగ్రేషన్ ప్రయోజనాలకు శాశ్వతంగా దూరమవుతారు. సలహాదారుకు అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. బ్రిటన్‌లో లాయరు కాని సలహాదారు ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ జాబితాలో ఉండాలి. ఖాళీ ఫారం మీద సంతకం అడిగినవాడి దగ్గర్నుంచి లేచి రావాలి.

తిరస్కరణ వస్తే గడియారం వెంటనే మొదలవుతుంది. బ్రిటన్‌లో అప్పీల్‌కు 14 రోజులు. జర్మనీలో రెండు వారాలు, ‘స్పష్టంగా నిరాధారం’ అని రాస్తే వారమే. ఫ్రాన్స్‌లో ఒక నెల. కెనడాలో అప్పీల్ నోటీసుకు 15 రోజులు. ఉత్తరం అందిన తేదీ కనిపించేలా కవరు దాచుకోండి. అడ్రసు మారిన రోజే అధికారులకు తెలియజేయండి. పాత అడ్రసుకు వెళ్లిన ఉత్తరం వల్ల గడువు దాటిన కేసులు చాలా ఉన్నాయి. అప్పీల్‌లో ‘అన్యాయం జరిగింది’ అని రాస్తే సరిపోదు. తిరస్కరణ ఉత్తరంలోని ఒక్కో పేరాకు ఒక్కో జవాబు, దానికి కాగితం చూపాలి. శరణు వచ్చాక కూడా జాగ్రత్త అవసరం. స్వదేశపు పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకున్నా, తల్లిని చూడ్డానికైనా ఆ దేశం వెళ్లినా, భయం లేదన్నమాటేగా అని హోదా రద్దుచేసే ప్రమాదముంది. ప్రయాణాలకు శరణార్థి ట్రావెల్ డాక్యుమెంట్ వాడాలి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. ఏ శరణు కేసు గురించి రాసినా దరఖాస్తుదారు పేరు, ఊరు, చదివిన కాలేజీ, భాగస్వామి ఫొటో వేయవద్దు. శరణు అధికారులు గోప్యంగా ఉంచే సమాచారం మాతృభాషలో అచ్చయితే ఆ రాత్రికే ఇంటికి చేరుతుంది, వెనక ఉండిపోయిన చెల్లెలి మీదో స్నేహితుడి మీదో పడుతుంది. తిరస్కరణకు గురైన ప్రతి ఒక్కరినీ ‘నకిలీ’ అని శీర్షిక పెట్టవద్దు. రుజువు చాలలేదనడం వేరు, అబద్ధమని తేలడం వేరు. మొదటి దశలో ఓడి, అప్పీల్‌లో గెలిచేవారు ఎందరో ఉన్నారు. వివరం అవసరమైతే వారి లాయరును అడిగి, కేసు ఏ దశలో ఉందో తెలుసుకుని, గుర్తుపట్టలేని విధంగా రాయండి.

భవదీయులు,
శరణు దరఖాస్తుదారులకు తోడ్పడే కొందరు అనువాదకులు, సహాయకులు